బీపీ మాత్రతో రక్తంలో కొవ్వు పెరుగుతుందా?

ప్రశ్న: డాక్టరమ్మ గారికి నమస్కారం. మాది గుంతకల్లు. గూడ్స్ గార్డుగా పనిచేసి 2021లో రిటైరయ్యాను. వయసు 63. బీపీ ఉందని 2012లో అటెనోలాల్ 50 మాత్ర రాసిచ్చారు. అప్పటి నుంచి రోజూ పొద్దున ఒకటి వేసుకుంటున్నాను. బీపీ 130/80 దాటడం లేదు. 2018లో కొవ్వు పరీక్ష చేయిస్తే మొత్తం కొలెస్ట్రాల్ 196, ట్రైగ్లిజరైడ్స్ 160, హెచ్.డి.ఎల్. 41, ఎల్.డి.ఎల్. 123 వచ్చాయి. పోయిన నెల మా మనవరాలి పుట్టినరోజు అయిన మరునాడు మళ్ళీ చేయించాను. ఈసారి మొత్తం 214, ట్రైగ్లిజరైడ్స్ 268, హెచ్.డి.ఎల్. 33, ఎల్.డి.ఎల్. 127. పరగడుపునే వెళ్ళాను, రెండు టీలు మాత్రం తాగాను. రిపోర్టు చూసి మందుల షాపులో అబ్బాయి, "ఈ మాత్ర చాన్నాళ్ళు వాడితే కొవ్వు పెరుగుతాది సార్" అన్నాడు. బెంగళూరులో ఉన్న మా వాడు కూడా ఫోన్లో ఏదో చదివి, వెంటనే ఆపేయమంటున్నాడు. మా ఇంటావిడ వద్దంటోంది. గార్డు పనిలో ఉన్నప్పుడు 68 కిలోలు ఉండేవాణ్ణి, ఇప్పుడు 77. ఇన్నేళ్ళూ నేను వేసుకున్న మాత్రే నాకు కీడు చేసిందా? ఆపేయమంటారా?

జవాబు: ముందు మీ ఇంటావిడ మాట వినండి. ఈ పత్రిక మీ చేతికి వచ్చేసరికి మాత్ర మానేసి ఒకటి రెండు రోజులే అయి ఉంటే, ఈరోజే మీ డాక్టరుకు ఫోన్ చేసి మళ్ళీ మొదలుపెట్టండి. మానేసి వారం దాటి ఉంటే మీ అంతట మీరు వేసుకోకుండా, బీపీ, నాడి చూపించుకుని ఆయన చెప్పినట్టు చేయండి. ఛాతీలో నొప్పి గానీ, ఆయాసం గానీ ఉంటే ఫోన్లతో ఆలస్యం చేయకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళండి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. 2009లో తాడిపత్రి దగ్గరి ఒక పల్లె నుంచి ఒకాయనను రాత్రి పూట ఆటోలో నా దగ్గరికి తీసుకొచ్చారు. చొక్కా చెమటతో తడిసిపోయింది, నాడి 130 కొట్టుకుంటోంది, ఛాతీ మీద బండ పెట్టినట్టుందని అంటున్నాడు. ఆయన కూడా మీలాగే ఏళ్ళ తరబడి అటెనోలాల్ వేసుకుంటున్న మనిషి. ఎవరో మంచి చేస్తున్నామనుకుని "ఆ మాత్ర మంచిది కాదు" అని చెబితే, ఆ మాట పట్టుకుని ఒక్కసారిగా ఆపేశాడు. నాలుగో రోజుకు ఆ పరిస్థితి వచ్చింది. బతికాడు, ఇప్పటికీ ఏడాదికోసారి వచ్చి కనబడి పోతాడు. అయినా ఆ రాత్రి ఆయన భార్య నా గది గుమ్మంలో నిలబడి "చెప్పుడు మాటలు విని చెడ్డామమ్మా" అన్న మాట నాకు చెవుల్లో నుంచి పోలేదు.

అలా ఎందుకవుతుందంటే, ఈ మాత్రలు, గుండెను వేగంగా కొట్టించే అడ్రినలిన్ అనే హార్మోన్ వచ్చి తగులుకునే బీటా గ్రాహకాలను మూసేస్తాయి. ఏళ్ళ తరబడి మూసి ఉంచితే శరీరం ఊరుకోదు, కొత్త గ్రాహకాలను తయారుచేసుకుంటూ పోతుంది. మాత్ర ఉన్నట్టుండి ఆపితే అవన్నీ ఒక్కసారిగా తెరుచుకుంటాయి. మామూలు అడ్రినలిన్‌కే గుండె పరుగు పెడుతుంది. రక్తనాళాల్లో అడ్డు ఉన్నవాళ్ళకు అది ప్రాణం మీదికి రావచ్చు, తమకు అడ్డు ఉన్న సంగతి చాలామందికి తెలియదు కూడా. అందుకే ఈ మాత్ర మానాల్సి వచ్చినా డాక్టరు చూస్తుండగా, ఒకటి రెండు వారాలు డోసు తగ్గించుకుంటూ మానాలి.

ఇక మీ అసలు ప్రశ్న. షాపులో అబ్బాయి చెప్పింది అబద్ధం కాదు. మీ అటెనోలాల్ లాగా బీటా గ్రాహకాలను మూసే మాత్రలను బీటా బ్లాకర్లు అంటారు. అవి చాలావరకు ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచుతాయి, మంచి కొలెస్ట్రాల్ అని మనం పిలుచుకునే హెచ్.డి.ఎల్.ను కొంచెం తగ్గిస్తాయి. చెడ్డ కొలెస్ట్రాల్ అనే ఎల్.డి.ఎల్. జోలికి పెద్దగా పోవు. మీ రెండు రిపోర్టులు పక్కపక్కన పెట్టి చూస్తే సరిగ్గా అదే కనిపిస్తుంది: ఎల్.డి.ఎల్. 123 నుంచి 127, అంటే ఉన్నచోటే ఉంది. ట్రైగ్లిజరైడ్స్ పైకి, హెచ్.డి.ఎల్. కిందికి. మీ అబ్బాయికి అనుమానం రావడంలో తప్పులేదు.

ఇది ఎలా జరుగుతుందో మీకు చెప్పడం సులువు, గూడ్స్ బండ్లతోనే జీవితం గడిపారు కాబట్టి. కాలేయం కొవ్వును వ్యాగన్లలో నింపి రక్తంలోకి పంపుతుంది. ఆ సరుకే ట్రైగ్లిజరైడ్స్. వ్యాగన్లు కండరాల దగ్గరికీ, కొవ్వు పొరల దగ్గరికీ చేరాక, సన్నటి రక్తనాళాల గోడల మీద లైపోప్రోటీన్ లైపేజ్ అనే ఎంజైమ్ హమాలీలా నిలబడి సరుకు దించుతుంది. దించుతుండగా ఆ వ్యాగన్ల పైపొర నుంచి ఊడిపడే తునకలు హెచ్.డి.ఎల్. తయారీకి పనికొస్తాయి. పాత రకం బీటా బ్లాకర్లు అడ్రినలిన్‌కు ఒక దారి మూసి, రెండో దారి తెరిచే ఉంచుతాయి. ఆ రెండో దారిలో అది సన్నటి రక్తనాళాలను బిగిస్తుంది. అంటే బండి షెడ్డు దాకా రావడమే ఆలస్యం, వచ్చాక హమాలీ పనీ మందగిస్తుంది. సరుకు దిగని వ్యాగన్లు లైను మీదే నిలిచిపోతాయి. ట్రైగ్లిజరైడ్స్ పెరిగినప్పుడు హెచ్.డి.ఎల్. తగ్గడం మీరు రిపోర్టుల్లో జంటగా చూసేది అందుకే.

ఈ కుటుంబంలో అన్ని మాత్రలూ ఒకేలా ఉండవు. ప్రొప్రనొలాల్ శరీరమంతటా బీటా గ్రాహకాలను మూస్తుంది కాబట్టి కొవ్వు మీద దాని ప్రభావం ఎక్కువ, ట్రైగ్లిజరైడ్స్ పావు వంతు దాకా, కొందరిలో అంతకు మించి పెరగొచ్చు. మీరు వాడే అటెనోలాల్, మెటోప్రొలాల్, బైసోప్రొలాల్ ముఖ్యంగా గుండె మీద పనిచేసేవి, వీటితో పెరుగుదల అంతకన్నా తక్కువ. కార్వెడిలాల్ ఆ రెండో దారిని కూడా మూస్తుంది. నెబివొలాల్ రక్తనాళాలను వదులు చేస్తుంది. ఈ రెండింటితో కొవ్వు అంకెలు దాదాపు కదలవు.

ఇంతవరకు చదివి "అయితే నా మాత్రదే తప్పు" అనుకునేరు. ఆగండి. మీరు మాత్ర మొదలుపెట్టింది 2012లో. మొదటి పరీక్ష 2018లో. అంటే ఆ 160 వచ్చేనాటికే మీరు ఆరేళ్ళుగా అటెనోలాల్ వేసుకుంటున్నారు. కొవ్వు మీద ఈ మాత్ర చూపే ప్రభావం మొదటి కొన్ని నెలల్లోనే తేలిపోతుంది, డోసు మారనంత కాలం అక్కడే ఉంటుంది, ఏటేటా పేరుకుంటూ పోదు. కాబట్టి మాత్ర వాటా ఏమన్నా ఉంటే అది ఆ 160లోనే కలిసిపోయి ఉంది. 160 నుంచి 268కి ఎక్కిన 108 పాయింట్లకు అదే మాత్ర, అదే డోసు కారణం కాలేదు. 2012కు ముందు పరీక్ష ఒకటి ఉండి ఉంటే మాత్ర ఎంత పెంచిందో అంకెలతో చెప్పగలిగేదాన్ని. అందుకే కొత్తగా ఈ మాత్రలు మొదలుపెట్టే వాళ్ళకు నేను ముందే ఒక లిపిడ్ ప్రొఫైల్ (కొవ్వు పరీక్ష) చేయించి, మూడు నెలలకు ఇంకొకటి చేయిస్తాను. అందరూ అలా చేయించాలని నా కోరిక.

మరి 2018కీ ఇప్పటికీ మధ్య ఏం మారింది? ఉత్తరంలో మీరే రాశారు. ఉద్యోగం అయిపోయింది, బరువు తొమ్మిది కిలోలు పెరిగింది. యార్డులో బండి పొడవునా నడిచి, బ్రేక్ వ్యాను ఎక్కి దిగి చేసిన శ్రమ ఒక్కసారిగా ఆగిపోయింది. కండరం పనిచేస్తేనే ఆ హమాలీ పనిలోకి వస్తాడు. కూర్చుంటే వాడూ కూర్చుంటాడు. ఇది నేను పోలిక కోసం అంటున్న మాట కాదు, నడకతో కండరాల్లో ఆ ఎంజైమ్ పని నిజంగానే పెరుగుతుంది.

ఇంకో సంగతి, మీ పరీక్షే నాకు నమ్మకంగా లేదు. ముందురోజు పుట్టినరోజు. మన ఇళ్ళలో పుట్టినరోజంటే ఓళిగలు, వాటి మీద నెయ్యి, పలావు, పైన కేకు. మరునాడు పాలు, చక్కెర వేసిన టీలు రెండు. పరగడుపు అంటే మంచినీళ్ళు తప్ప ఏమీ తాగకూడదండీ. ట్రైగ్లిజరైడ్స్ ఎంత చంచలమైన అంకె అంటే, ఒకే మనిషికి రెండు వేర్వేరు రోజుల్లో చేస్తేనే బాగా తేడా వస్తుంది. పైగా ల్యాబుల్లో చాలాచోట్ల ఎల్.డి.ఎల్.ను నేరుగా కొలవరు, లెక్కగడతారు: మొత్తంలో నుంచి హెచ్.డి.ఎల్. తీసేసి, ట్రైగ్లిజరైడ్స్‌ను ఐదుతో భాగించి అదీ తీసేస్తారు. మీ అంకెలతో నేను వేసి చూశాను, 214లో 33 పోగా 181, అందులో 54 పోగా 127. లెక్క సరిపోయింది. అంటే ట్రైగ్లిజరైడ్స్ తప్పుగా వస్తే ఎల్.డి.ఎల్. కూడా తప్పుగా వస్తుంది. మామూలు తిండి తింటూ రెండు మూడు వారాలు గడిచాక, రాత్రి ఎనిమిదికల్లా భోజనం ముగించి, పొద్దున ఏడింటికి నీళ్ళు మాత్రమే తాగి మళ్ళీ చేయించండి. పొద్దుటి అటెనోలాల్ మాత్రం ఆ నీళ్ళతోనే వేసుకోవచ్చు.

అదే రక్తంతో హెచ్‌బీఏ1సీ (షుగరు పరీక్ష), టీఎస్‌హెచ్ (థైరాయిడ్ పరీక్ష), క్రియాటినిన్ (మూత్రపిండాల పరీక్ష) కూడా చూపించండి. షుగరు మొదలవుతున్నా, థైరాయిడ్ మందగించినా ట్రైగ్లిజరైడ్స్ ఇలాగే పెరుగుతాయి. క్రియాటినిన్ ఎందుకంటే అటెనోలాల్ బయటికి పోయేది మూత్రపిండాల గుండానే. ఇంకోటి, మాత్రల స్ట్రిప్పు ఒకసారి వెలుతురులో పెట్టి చదవండి. అటెనోలాల్ పేరు పక్కన ఇంకో మందు పేరు కూడా ఉందా? క్లోర్‌థాలిడోన్ వంటి మూత్రం ఎక్కువ పోయించే మందు కలిసి ఉంటే, దానివల్ల కూడా కొవ్వూ షుగరూ కాస్త పెరుగుతాయి. మందుల షాపులో ఎన్నాళ్ళుగా అడిగి తెచ్చుకుంటున్నా, స్ట్రిప్పు మీద ఏముందో చూడని వాళ్ళే నా దగ్గరికి ఎక్కువ మంది వస్తారు.

తిండి గురించి ఉత్తరంలో మీరేమీ రాయలేదు కాబట్టి మన జిల్లాలో రోజూ చూసేది రాస్తాను. ట్రైగ్లిజరైడ్స్‌ను పెంచేది నూనె ఒక్కటే అని అందరూ అనుకుంటారు. అంతకంటే ఎక్కువగా పెంచేవి చక్కెర, అన్నం, మైదా, మద్యం. రోజుకు ఐదు టీలు, టీకి రెండు చెంచాల చక్కెర అంటే పది చెంచాలు. పొద్దున ఉగ్గాని అంటే అది బొరుగులే, అంటే బియ్యమే. దాని పక్కన హోటలు బజ్జీలు పామాయిల్లో వేగినవి. మధ్యాహ్నం రెండు ముద్దల సంగటి మంచిదే, కాకపోతే సంగటి తిన్నాక మళ్ళీ అన్నం పెట్టుకోవడం అవసరం లేదు. చెనక్కాయలు మానేశామని గొప్పగా చెప్పే వాళ్ళు నా దగ్గరికి వారానికి నలుగురైనా వస్తారు. చెనక్కాయ పండించే అనంతపురంలో ఈ భయం ఎవరు పెట్టారో కానీ నాకు బాధేస్తుంది. చెనక్కాయలో కొలెస్ట్రాల్ అసలు ఉండదు, మొక్కల నుంచి వచ్చే దేంట్లోనూ ఉండదు. ఉడకబెట్టిన చెనక్కాయలు గుప్పెడు తినండి, బజ్జీ మానండి.

బరువులో నూటికి 5 నుంచి 10 వంతులు తగ్గితే ట్రైగ్లిజరైడ్స్ ఐదో వంతు దాకా తగ్గుతాయి. మీ 77 కిలోలకు అది దాదాపు నాలుగు నుంచి ఎనిమిది కిలోలు. ఇది ఏ మాత్ర మార్పుతోనూ వచ్చే లాభం కాదు. రోజూ ముప్పావు గంట నడవండి, గుంతకల్లు ఎండ ఎక్కకముందే.

ఇవన్నీ చేస్తూనే మీ డాక్టరును ఒక ప్రశ్న అడగండి: "నాకు ఈ మాత్ర ఇప్పటికీ ఎందుకు?" ఇలా అడిగితే ఏ డాక్టరూ నొచ్చుకోడు, నొచ్చుకోకూడదు. 2012లో మీకు గుండెదడ ఉందనో, ఛాతీ నొప్పి ఉందనో ఇచ్చి ఉంటే అటెనోలాల్‌కు గానీ, అదే కుటుంబంలో ఇంకో దానికి గానీ ఇప్పటికీ కారణం ఉన్నట్టే. ఉత్త బీపీ కోసమే అయితే మాట వేరు. 2002లో లోసార్టాన్ అనే వేరే రకం బీపీ మాత్రతో, 2005లో ఆమ్లోడిపిన్ అనే ఇంకో రకం బీపీ మాత్రతో అటెనోలాల్‌ను పోల్చిన రెండు పెద్ద పరిశోధనలు బయటికొచ్చాయి. రెండోదానిలో పాల్గొన్నవాళ్ళు 19 వేల పైచిలుకు. రెండింటిలోనూ అటెనోలాల్ వైపు పక్షవాతం ఎక్కువ కనిపించింది, కొత్తగా షుగరు వచ్చినవాళ్ళూ ఎక్కువే. ఆ తర్వాత 2006లో బ్రిటన్ మార్గదర్శకాల్లో, వేరే కారణం లేని బీపీకి బీటా బ్లాకర్లను మొదటి వరుసలో నుంచి తీసేశారు. మా నాన్న కూడా అప్పటిదాకా అటెనోలాలే వేసుకునేవారు. ఆ ఫలితాలు చదివాక నేనే మార్పించాను, మూడు వారాలు పట్టింది. ఆయన రోజూ బీపీ రాసుకున్న పాత డైరీ ఇప్పటికీ మా ఇంట్లో ఉంది.

కాబట్టి మీ మాత్ర మార్చవలసి రావచ్చు. మారిస్తే అది మీ వయసుకూ మీ బీపీకీ ఇంకా మంచి మందు ఉందని మార్చినట్టు. ఆ మార్పుతోనే 268 దిగొస్తుందని ఆశపడకండి. 63 ఏళ్ళు, బీపీ, హెచ్.డి.ఎల్. 33 చూసి మీ డాక్టరు కొలెస్ట్రాల్ తగ్గించే స్టాటిన్ మాత్ర కూడా రాయొచ్చు, రాస్తే భయపడకండి. ట్రైగ్లిజరైడ్స్ 500 దాటితే క్లోమం వాచే ప్రమాదం ఉంటుంది, మీరు దానికి దూరంగానే ఉన్నారు.

ప్రశ్న: ప్రొద్దుటూరు నుంచి ఒక చెల్లెలు. వయసు 38. థైరాయిడ్ ఎక్కువైందని ఆరు నెలల కిందట కార్బిమజోల్, ప్రొప్రనొలాల్ ఇచ్చారు. అప్పుడు 138 ఉన్న మొత్తం కొలెస్ట్రాల్ ఇప్పుడు 197 అయింది. ఇది ప్రొప్రనొలాల్ వల్లేనా?

జవాబు: కాదమ్మా. థైరాయిడ్ ఎక్కువగా ఉన్నప్పుడు శరీరం కొలెస్ట్రాల్‌ను మామూలు కంటే వేగంగా ఖర్చుపెడుతుంది. అప్పటి 138 నీ అసలు అంకె కాదు, జబ్బు చూపించిన అంకె. కార్బిమజోల్‌తో థైరాయిడ్ దారికి వచ్చేకొద్దీ నీ సొంత కొలెస్ట్రాల్ బయటపడింది. ప్రొప్రనొలాల్ పెంచితే ట్రైగ్లిజరైడ్స్ పెంచాలి, ఆ అంకె నువ్వు రాయలేదు. చేతుల వణుకూ దడా తగ్గాక మీ డాక్టరే దాన్ని మెల్లగా ఆపేస్తారు, నువ్వు తొందరపడకు. ఒక్క విషయం: ఈసారి పరీక్షలో టీఎస్‌హెచ్ ఎక్కువ వచ్చి ఉంటే కార్బిమజోల్ డోసు ఎక్కువైందని అర్థం. దాంతోనూ కొలెస్ట్రాల్ పెరుగుతుంది. ఆ రిపోర్టు పట్టుకుని ఈ వారమే కలువు.

ప్రశ్న: కర్నూలు నుంచి ఒక రైతు. వయసు 57. రెండేళ్ళ కిందట గుండెపోటు వచ్చి స్టెంటు వేశారు. మెటోప్రొలాల్, అటోర్వాస్టాటిన్ రెండూ వాడుతున్నాను. ఒకటి కొవ్వు పెంచేది, ఒకటి తగ్గించేది. ఒకదాని పని ఇంకోటి చెడగొట్టదా?

జవాబు: చెడగొట్టదు. మెటోప్రొలాల్ కదిపేది ట్రైగ్లిజరైడ్స్‌ను, అదీ కొంచెం. అటోర్వాస్టాటిన్ ముఖ్యంగా ఎల్.డి.ఎల్. మీద పనిచేస్తుంది, ట్రైగ్లిజరైడ్స్‌నూ కొంత దించుతుంది. గుండెపోటు తర్వాత బీటా బ్లాకర్లు చావులను తగ్గిస్తాయని 1981లో నార్వేలో టిమొలాల్‌తో, అమెరికాలో ప్రొప్రనొలాల్‌తో తేలింది. అప్పటికి స్టాటిన్లు మార్కెట్లోకి రాలేదు, స్టెంట్లు లేవు. కొవ్వు కాస్త పెరిగినా ప్రాణం నిలిచింది.

ఇప్పుడు కాలం మారింది. గుండె పంపింగ్ బాగా ఉన్నవాళ్ళకు గుండెపోటు తర్వాత ఈ మాత్ర అవసరమా అని స్వీడన్ వాళ్ళు పరీక్షించి 2024లో ఫలితం చెప్పారు. అలాంటివాళ్ళలో మాత్ర వేసినా వేయకపోయినా చావుల్లో, మళ్ళీ గుండెపోటు రావడంలో తేడా కనిపించలేదు. అదే ఏడాది ఫ్రాన్సులో, అప్పటికే వాడుతున్నవాళ్ళకు మాత్ర ఆపి చూస్తే, ఆపినవాళ్ళు ఆసుపత్రి పాలవడం ఎక్కువైంది. అందువల్ల ఇది మీరూ నేనూ ఉత్తరాల్లో తేల్చే విషయం కాదు. మీ డిశ్చార్జి కాగితంలో ఎకో (గుండె స్కానింగ్) అని ఉన్నచోట ఎజెక్షన్ ఫ్రాక్షన్ అని, గుండె పంపింగ్ ఎలా ఉందో చెప్పే ఒక అంకె, దాని పక్కన శాతం గుర్తు ఉంటుంది. అది 40 లేదా అంతకన్నా తక్కువ ఉంటే మెటోప్రొలాల్ మీకు చాలా ముఖ్యమైన మందు, ఎవరేమన్నా మానకండి. 50 పైన ఉంటే ఈసారి చెకప్‌లో ఆ కాగితం మీ గుండె డాక్టరు ముందు పెట్టి, ఇంకా ఎన్నాళ్ళు వాడాలో అడగండి. కాగితం దొరక్కపోతే స్టెంటు వేసిన చోటే రికార్డుల విభాగంలో మీ ఐపీ నంబరు చెప్పి ఇంకో ప్రతి తీసుకోండి.